దేశ ఉత్పాదకతను లెక్క కట్టడం, పెంచడం ఎలా? మన దేశం లెక్కలతో ఒక సమగ్ర మార్గదర్శి

వారానికి 70 గంటలు పనిచేయాలని 2023లో ఒక పెద్ద పారిశ్రామికవేత్త అన్నారు. 2025 మొదట్లో ఇంకొకరు దాన్ని 90 దాకా తీసుకెళ్లారు. టీవీల్లో, ఆఫీసు క్యాంటీన్లలో కొన్నాళ్లు అదే గొడవ. ఆ గొడవలో చాలామంది పట్టించుకోని లెక్క ఒకటి ఉంది. జర్మనీలో ఒక ఉద్యోగి ఏడాదికి సగటున పనిచేసేది సుమారు 1,340 గంటలు. సంపన్న దేశాల కూటమి ఓఈసీడీలో ఇంత తక్కువ పనిగంటలు ఇంకెక్కడా లేవనే చెప్పాలి. అదే కూటమిలో ఉన్న మెక్సికోలో సుమారు 2,200 గంటలు. గంటకు తయారయ్యే విలువ చూస్తే మాత్రం జర్మనీది మెక్సికోకు మూడు రెట్ల పైనే.

అంటే గంటలు పెంచితే ఉత్పత్తి పెరగొచ్చు, ఉత్పాదకత పెరగాలని లేదు. ఒక మనిషి ఒక గంటలో ఎంత విలువ తయారు చేస్తున్నాడన్నదే ఉత్పాదకత. అది మనిషి ఒంట్లోని కష్టం మీద కంటే, ఆ మనిషిని ఎక్కడ నిలబెట్టాం, చేతికి ఏం ఇచ్చాం, రోజులో ఎంతసేపు ఊరికే కూర్చోబెట్టాం అన్నవాటి మీదే ఎక్కువ ఆధారపడుతుంది. ఈ మార్గదర్శి మొత్తం ఆ మూడు ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు, విలేకరులు, సొంత యూనిట్ నడిపేవాళ్లు, ఊళ్లో ప్రజాప్రతినిధులు, ఎవరైనా సరే, ఫోన్లో క్యాలిక్యులేటర్ ఉంటే చాలు, వెంట రావొచ్చు.

1. ముందు ఒక భాగహారం చేయండి

దేశం ఏడాదిలో తయారు చేసిన విలువను పనిచేసేవాళ్ల సంఖ్యతో భాగించండి. 2023-24లో మన జీడీపీ ఆనాటి ధరల్లో దాదాపు 300 లక్షల కోట్ల రూపాయలు. రిజర్వు బ్యాంకు 'క్లెమ్స్' లెక్కల (పరిశ్రమలవారీగా పెట్టుబడి, పనివాళ్లు, ఉత్పాదకత చూపే పట్టికల) ప్రకారం ఆ ఏడాది పనిలో ఉన్నవాళ్లు 64 కోట్ల పైచిలుకు. భాగిస్తే ఒక్కొక్కరికి ఏడాదికి సుమారు 4 లక్షల 66 వేలు వస్తుంది. ఇది జీతం కాదు, ఆ మనిషి పనివల్ల పుట్టిన విలువ. అందులోంచే కూలి, యజమాని లాభం, వడ్డీ, అద్దె, పన్ను అన్నీ రావాలి.

ఈ భాగహారంలో పైనున్న అంకెను, అంటే జీడీపీని, అందరూ అనుమానిస్తారు, కింది అంకెను, అంటే పనివాళ్ల సంఖ్యను, ఎవరూ అనుమానించరు. అసలు తిరకాసు కింద ఉంది. ఇంటి వెనక రెండు గేదెలకు గడ్డి వేసి, పాలు పితికి, కేంద్రానికి పోసి వచ్చే ఆవిడ 'పనిచేసేవాళ్ల' కింద వస్తుందా, రాదా? సర్వే వాళ్లు వస్తుందనే రాసుకుంటారు, అది న్యాయమే. కేంద్రం చేసే కార్మిక సర్వే (పీఎల్‌ఎఫ్‌ఎస్) ప్రకారం 15 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో పని చేస్తున్నవాళ్లు, పని వెతుకుతున్నవాళ్లు కలిపి 2017-18లో 23.3 శాతం, 2023-24లో 41.7 శాతం. ఆరేళ్లలో ఇంత పెరుగుదల! కానీ పనిచేస్తున్న ఆడవాళ్లలో మూడో వంతుకు పైగా ఇంటి వ్యవసాయంలోనో, ఇంటి కొట్టులోనో జీతం లేకుండా సాయపడేవాళ్లే. వీళ్లు లెక్కలోకి రాగానే తలసరి ఉత్పాదకత తగ్గినట్టు కనిపిస్తుంది, నిజానికి ఎవరి చేయీ నెమ్మదించలేదు. అందుకే దొరికినచోట తలల లెక్క కంటే గంటల లెక్కే వాడండి.

2. ధరల పెరుగుదలను, డాలరు మాయను తీసేయండి

సమోసా పది రూపాయల నుంచి ఇరవై అయితే సమోసా కొట్టు ఉత్పాదకత రెట్టింపు కాదు. అందుకని ఏళ్లమధ్య పోల్చేటప్పుడు ఎప్పుడూ 'స్థిర ధరల' జీడీపీనే, అంటే అన్ని ఏళ్లనూ ఏదో ఒక్క ఏడాది ధరలతో లెక్కకట్టిన జీడీపీనే తీసుకోవాలి. ఆ ఏడాది, అంటే ఆధార సంవత్సరం, ఒకటే అయి ఉండాలి, పాత సిరీస్ అంకెను కొత్త సిరీస్ అంకెతో కలిపి గ్రాఫు గీయకూడదు. వాట్సాప్‌లో తిరిగే సగం చార్టుల్లో ఉండే తప్పు ఇదే.

దేశాల మధ్య పోలికకు ఇంకో జాగ్రత్త కావాలి. 2023లో డాలరు సుమారు 83 రూపాయలు. ఆ రేటుతో చూస్తే అమెరికా కార్మికుడి ఉత్పాదకత మనదానికి దాదాపు 30 రెట్లు. కానీ అమెరికాలో క్షౌరానికి పెట్టే డబ్బుతో హైదరాబాద్‌లో ఏడాదంతా చేయించుకోవచ్చని అక్కడున్న మనవాళ్లు ఎవరైనా చెబుతారు. కొనుగోలు శక్తి ప్రకారం సరిచేస్తే తేడా ఏడెనిమిది రెట్లకు దిగుతుంది. దిగినా పెద్ద తేడానే. ఒక అమెరికన్ మనకంటే ఏడు రెట్లు తెలివైనవాడు, ఏడు రెట్లు కష్టజీవి అని ఎవరూ అనరు. తెనాలి కుర్రాడు డాలస్‌లో దిగిన మరుసటి నెలే అతని గంట విలువ పెరిగిపోతుంది. మారింది అతని చుట్టూ ఉన్న ఏర్పాటు.

3. సగటును రంగాలుగా పగలగొట్టండి

ఒక్క అంకె చూసి వైద్యం చేయలేం. పీఎల్‌ఎఫ్‌ఎస్ 2023-24 ప్రకారం పనిచేసేవాళ్లలో 46.1 శాతం వ్యవసాయంలో ఉన్నారు. దేశం మొత్తం అదనపు విలువలో (జీవీఏ, అంటే వస్తువుల మీది పన్నులు, సబ్సిడీలు సర్దకముందు లెక్క, సుమారు 270 లక్షల కోట్లు) వ్యవసాయం, దాని అనుబంధ రంగాల వాటా దాదాపు 18 శాతం. ఇప్పుడు మళ్లీ భాగించండి. వ్యవసాయంలో మనిషికి ఏడాదికి సుమారు లక్షా 65 వేలు. మిగతా రంగాలన్నీ కలిపి మనిషికి సుమారు 6 లక్షల 40 వేలు. నాలుగు రెట్ల తేడా.

ఇక్కడ రాష్ట్రాల లెక్కలు చూసేవాళ్లు ఒక గోతిలో పడుతుంటారు. ఆంధ్రప్రదేశ్ జీవీఏలో వ్యవసాయ, అనుబంధ రంగాలది దాదాపు మూడో వంతు. 'అబ్బో, సాగు బంగారంలా ఉంది' అనుకుంటే పొరపాటు. అందులో గోదావరి, కృష్ణా జిల్లాల రొయ్యల చెరువులు, చేపలు, పండ్ల తోటలది పెద్ద చెయ్యి. ఎకరా రొయ్యల చెరువునూ ఎకరా వరినీ ఒకే సంచిలో వేసి సగటు తీస్తే రెండింటి గురించీ ఏమీ తెలియదు. వీలైతే పంటలవారీగా, కనీసం పంటలు, పశువులు, చేపలు అని విడదీసి చూడండి.

4. పెరుగుదల ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోండి

కార్మికుడికి అయ్యే ఉత్పత్తి పెరగడానికి దారులు మూడే. యంత్రాలు, భవనాలు, రోడ్లు పెరగడం. మనుషుల చదువు, నైపుణ్యం పెరగడం. ఉన్న మనుషులతో, ఉన్న యంత్రాలతోనే మెరుగ్గా పని జరగడం. ఈ మూడోదాన్ని విడిగా లెక్కకట్టే పద్ధతిని 1957లో రాబర్ట్ సోలో చూపించారు. 1909 నుంచి 1949 వరకు అమెరికాలో పనిగంటకు ఉత్పత్తి రెట్టింపైతే, అందులో ఎనిమిదింట ఏడు వంతులు పెట్టుబడి పెరగడం వల్ల కాదని తేలింది. అంతా సాంకేతికత, మెరుగైన పద్ధతుల కిందికే వచ్చింది. ఆ కృషికి 1987లో నోబెల్ ఇచ్చారు. ఆయన లెక్కలో చదువు కూడా ఈ మూడోదాంట్లోనే కలిసిపోయింది, తర్వాతివాళ్లు దాన్ని విడదీశారు.

దీన్ని మీరు ఇంట్లో కూర్చుని లెక్కకట్టక్కర్లేదు. రిజర్వు బ్యాంకు క్లెమ్స్ పట్టికల్లో పరిశ్రమలవారీగా దొరుకుతుంది. మీరు చూడాల్సింది ఒక్కటే: ఏదైనా రంగంలో పెట్టుబడి పెరుగుతూ ఈ మూడోదాని పెరుగుదల సున్నా దగ్గరే ఉంటే, అక్కడ మిషన్లు కొంటున్నారు గానీ వాడటం రావట్లేదని అర్థం.

5. పొలం నుంచి బయటికి దారి వేయండి

మన దేశానికి అన్నిటికంటే పెద్ద అవకాశం ఇదే అని నా అభిప్రాయం. దక్షిణ కొరియాలో 1960ల మొదట్లో 60 శాతానికి పైగా జనం వ్యవసాయంలో ఉండేవాళ్లు, ఇప్పుడు 5 శాతం అటూఇటూ. మనదగ్గర 2018-19లో 42.5 శాతానికి దిగిన వాటా, కోవిడ్‌లో ఊళ్లకు తిరిగొచ్చిన జనంతో మళ్లీ పెరిగి, 2023-24లో కూడా 46 శాతం దగ్గరే ఆగింది. బండి వెనక్కి నడిచిందన్నమాట.

ఎంత లాభమో చిన్న లెక్క వేద్దాం. కోటి మంది వ్యవసాయం నుంచి బయటికి వచ్చారనుకోండి. వాళ్లకు వెంటనే 6 లక్షల 40 వేల విలువ పుట్టించే పని దొరకదు. భవన నిర్మాణం, గోడౌన్, బట్టల యూనిట్ లాంటి చోట మనిషికి 3 లక్షలే అనుకుందాం. వాళ్లు వదిలి వచ్చిన పొలంలో వాళ్ల వంతు ఉత్పత్తి పూర్తిగా పోయినా, నికరంగా మనిషికి లక్షా 35 వేల చొప్పున లక్షా 35 వేల కోట్లు మిగులు, అంటే జీడీపీలో దాదాపు అర శాతం. పొలంలో ఉత్పత్తి తగ్గకుండా మిగతావాళ్లు నెట్టుకొస్తే మిగులు 3 లక్షల కోట్లు, ఒక శాతం. ఒక్కరు కూడా అదనంగా ఒక్క గంట పనిచేయకుండానే.

'పొలంలో మనుషులు ఎక్కువయ్యారంటారు, మాకేమో నాట్లకు కూలీలు దొరకట్లేదు' అని ఏ రైతైనా మీద పడతాడు. రెండూ నిజమే. చేత్తో ఎకరా నాటడానికి ఒక రోజుకు పది మంది పైనే కావాలి. ఊరంతా అదే పదిహేను రోజుల్లో నాటాలి. అందుకే తెలంగాణ పల్లెలకు బీహార్, బెంగాల్ నుంచి నాట్ల ముఠాలు వస్తున్నాయి. ఆ పదిహేను రోజులూ, మళ్లీ కలుపుల్లో, కోతల్లో కొన్నాళ్లూ గడిచాక అదే ఊళ్లో చేతులు ఖాళీ. కాబట్టి ఈ మెట్టులో చేయాల్సిన పని రెండు వైపులా ఉంటుంది. రద్దీ రోజుల పనిని మిషన్‌కి అప్పగించాలి. కోతల్లో ఇది ఇప్పటికే జరిగిపోయింది, ఎనిమిది పది మంది రోజంతా కోసే ఎకరాను వరికోత మిషన్ గంటా గంటన్నరలో తేల్చేస్తోంది. నాట్లలో ఇంకా జరగాలి. నాటే మిషన్, డ్రమ్ సీడర్ (మొలక గింజల్ని వరుసల్లో జార్చే పరికరం), వెదజల్లే పద్ధతి మూడూ ఉన్నా, మిషన్ నారును ట్రేలలో పెంచాలి, వెదజల్లితే కలుపు బెడద, అందుకే రైతు జంకుతాడు. ఇక రెండో వైపు, మిగతా నెలల్లో పనికి పోయే చోటు ఊరికి బస్సు దూరంలో ఉండాలి.

కమతం చిన్నదవడం ఇంకో చిక్కు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం సగటు కమతం ఆంధ్రప్రదేశ్‌లో 0.94 హెక్టార్లు, తెలంగాణలో ఒక హెక్టారు, అంటే రెండు, రెండున్నర ఎకరాలు. దానికి సొంత ట్రాక్టర్ కొంటే కిస్తీలకే సరిపోతుంది. అద్దెకిచ్చే కేంద్రాలే దీనికి దారి. కౌలు సంగతి ఇంకా కష్టం. కాగితం లేని కౌలు రైతుకు బ్యాంకు అప్పు రాదు, వచ్చే ఏడాది అదే పొలం ఉంటుందన్న నమ్మకం ఉండదు. అలాంటప్పుడు నేలకు చెరువు మట్టి తోలడానికి, డ్రిప్ వేయడానికి ఎవరికి మనసొప్పుతుంది? భూమి యజమానికి హక్కు పోతుందన్న భయం తీర్చి, కౌలుకు రాతకోతలు మామూలు చేయడం ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న సంస్కరణ. రాజకీయంగా మాత్రం ఎవరికీ ముద్దుబిడ్డ కాదు.

6. చిన్న యూనిట్లు ఎందుకు పెరగట్లేదో అడగండి

చిన్నగా మొదలవడం తప్పు కాదు. పదేళ్లయినా చిన్నగానే ఉండిపోవడం దేశానికి నష్టం. 2018-19 ఆర్థిక సర్వే వీటికి మరుగుజ్జు సంస్థలని పేరు పెట్టింది. వంద మంది లోపు కార్మికులు, పదేళ్లు దాటిన వయసు. వ్యవస్థీకృత తయారీ రంగంలో సగం యూనిట్లు ఇవే. వీటిల్లో ఉన్న ఉద్యోగాలు 14 శాతం, అవి ఇచ్చే విలువ 8 శాతం లోపు.

ఎందుకు పెరగవు? వంద మంది దాటితే మూసివేతకు, తొలగింపుకు ప్రభుత్వ అనుమతి కావాలన్న పాత నిబంధన ఒక కారణమని చాలాకాలంగా అంటున్నారు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్ ఆ హద్దును 300కు పెంచింది. నా దృష్టిలో దానితోనే అంతా మారిపోతుందనుకోవడం అత్యాశ. చిన్న యూనిట్‌కు మాత్రమే వచ్చే రాయితీలు, పెద్ద కొనుగోలుదారు ఆరు నెలలకు ఇచ్చే బిల్లు, షెడ్డుకు దొరకని స్థలం, ఇవన్నీ కలిసి పనిచేస్తాయి. కొందరు అదే ప్రాంగణంలో నాలుగు పేర్లతో నాలుగు సంస్థలు నడుపుతారు. తప్పు వాళ్లది అనేముందు, పెరిగితే శిక్ష పడే రూలు ఎవరు రాశారో చూడాలి. రాయితీ ఇస్తే సైజును బట్టి కాకుండా వయసును బట్టి ఇవ్వమని, అంటే మొదటి కొన్నేళ్లే ఇవ్వమని ఆ సర్వే సూచించింది. అది సబబైన మాట.

పెట్టుబడి, మనుషులు తక్కువ ఫలితమిచ్చే సంస్థల్లో ఇరుక్కుపోవడం వల్ల ఎంత పోతోందో 2009లో ఇద్దరు ఆర్థికవేత్తలు లెక్కవేశారు. అమెరికాలో వనరులు ఎంత బాగా పంపిణీ అవుతాయో మనదగ్గర కూడా అంత బాగా అయితే, భారత తయారీ రంగం ఉత్పాదకత 40 నుంచి 60 శాతం పెరుగుతుందని తేల్చారు. కొత్త మిషన్ ఒక్కటీ కొనకుండా.

7. ఫ్యాక్టరీ గేటు లోపలికి వెళ్లండి

ప్రభుత్వం, పన్నులు, రూళ్లు అంటూ బయటే తిరిగేవాళ్లు చాలామంది. లోపల పోయేది తక్కువేం కాదు. 2008 నుంచి ముంబై దగ్గరి తారాపూర్, ఉమర్‌గావ్‌లలో నేత మిల్లుల మీద స్టాన్‌ఫర్డ్, ప్రపంచ బ్యాంకు పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. చిన్న కొట్లు కావు, ఒక్కోదాంట్లో వందల మంది పనివాళ్లు. కొన్ని మిల్లులకు ఐదు నెలలు ఉచితంగా నిపుణుల సలహా ఇచ్చారు. మరికొన్నిటికి ఒక నెల పరిశీలనతో సరిపెట్టారు. తర్వాత రెంటినీ పోల్చారు.

వాళ్లు వెళ్లేసరికి ఆ మిల్లుల్లో కనిపించింది ఇది. నూలు బస్తాలు రంగు, కౌంటు (నూలు సన్నదనం) చీటీ లేకుండా ఒకదానిమీద ఒకటి. ఏది ఎంత ఉందో ఎవరికీ తెలియదు, కాబట్టి ఉన్న నూలే మళ్లీ కొంటున్నారు, అడుగున ఉన్నది తడిసి పాడవుతోంది. పనిముట్లు నేలమీద చెల్లాచెదురు, మగ్గం ఆగితే ముందు స్పానర్ కోసం వెతుకులాట. ఏ మగ్గం ఎందుకు ఎంతసేపు ఆగిందో రాసే పుస్తకం లేదు. గుడ్డలో లోపాలు రాసుకుంటారు, కానీ కొన్నవాడు గొడవపడితే చూపించడానికి మాత్రమే. చెత్త కుప్పలు మిషన్ల మధ్యే, నిప్పంటుకుంటే అంతే సంగతులు.

నిపుణులు పెట్టించినవి రాకెట్ సైన్స్ కాదు. నూలుకు అరలు, చీటీలు, స్టాకు పుస్తకం. ప్రతి మగ్గం ఆగిన సమయం, కారణం రాయడం. లోపాల్ని రోజూ రకాలవారీగా లెక్కపెట్టి, పొద్దున్నే మేనేజర్లు, సూపర్‌వైజర్లు కాసేపు కూర్చుని నిన్నటి కాగితం చూడటం. మిషన్ చెడిపోకముందే మెయింటెనెన్స్. మంచి పనికి బోనస్. మొదటి ఏడాదిలోనే ఉత్పాదకత 17 శాతం పెరిగింది. మూడేళ్లలో సలహా అందుకున్న సంస్థలు కొత్త మిల్లులు కూడా తెరిచాయి.

మరి అంత లాభం ఉంటే ముందే ఎందుకు చేయలేదు? కొందరికి ఆ పద్ధతులే తెలియవు. కొందరికి తెలుసు, తమకు పనికిరావనుకున్నారు. పరిశోధకులకు ఇంకో సంగతి కనిపించింది. ఒక కుటుంబ సంస్థ ఎంత పెద్దదవుతుందో నిర్ణయించేది మేనేజ్‌మెంట్ నాణ్యత కంటే ఎక్కువగా ఆ కుటుంబంలో మగవాళ్లు ఎంతమంది ఉన్నారన్నది! బయటి మేనేజర్ చేతికి తాళం ఇవ్వడానికి నమ్మకం లేదు, మోసం చేస్తే కోర్టులో తేలేసరికి ఏళ్లు పడుతుంది. కాబట్టి ముగ్గురు కొడుకులుంటే మూడు మిల్లులు, ఒక్కడే అయితే ఒకటే. మన రైస్ మిల్లులు, చిట్‌ఫండ్ కంపెనీలు, బంగారం షాపులు తెలిసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. కూతుళ్ల పేరు లెక్కలో లేకపోవడం వేరే సంగతి. తొమ్మిదేళ్ల తర్వాత మళ్లీ వెళ్లి చూస్తే, నేర్పిన పద్ధతుల్లో దాదాపు సగం వదిలేశారు. ఎక్కువగా మేనేజర్ మారినచోట, యజమానికి తీరిక లేనిచోట. అయినా సలహా అందని మిల్లుల కంటే ముందే ఉన్నారు.

మీకు సొంత యూనిట్ ఉంటే ఈ మెట్టు రేపే మొదలుపెట్టొచ్చు. ఒక నోటు పుస్తకం చాలు. మిషన్ ఆగిన ప్రతిసారీ మూడు విషయాలు రాయండి: ఎప్పుడు ఆగింది, ఎప్పుడు మొదలైంది, ఎందుకు. నెల తిరిగేసరికి ఒకటి రెండు కారణాలే సింహభాగం తినేస్తున్నట్టు తేలుతుంది. జరిగిన తప్పును ఉన్నదున్నట్టు రాసిన పనివాణ్ని మాత్రం తిట్టకండి, తిడితే ఆ రోజు నుంచి పుస్తకం అబద్ధాలాడుతుంది. దేశ స్థాయిలో ఈ పని కోసం 1958లో జాతీయ ఉత్పాదకత మండలి పెట్టారు. ఇలాంటి సలహా చిన్న యూనిట్లకు సగం ఖర్చు ప్రభుత్వం భరించి అందించడం, కొత్త ఇండస్ట్రియల్ పార్కుకు శంకుస్థాపన చేయడం కంటే చౌక. ఫొటో బాగా రాదు, అంతే తేడా.

8. ఆగిపోయే సమయాన్ని తగ్గించండి: కరెంటు, రోడ్డు, కోర్టు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2012 ప్రాంతంలో పరిశ్రమలు నడిపినవాళ్లకు 'పవర్ హాలిడే' (ముందే చెప్పి కొన్ని రోజులు పరిశ్రమలకు కరెంటు ఆపేయడం) గురించి చెప్పక్కర్లేదు. 2022 ఏప్రిల్‌లో ఏపీలో మళ్లీ కొన్నాళ్లు వచ్చింది. హాలిడే ముందే తెలుస్తుంది కాబట్టి కొంత నయం, చెప్పకుండా పోయే కరెంటు ఇంకా ఖరీదు. ప్లాస్టిక్ మౌల్డింగ్ యూనిట్‌లో పది నిమిషాలు కరెంటు పోతే పోయేది పది నిమిషాలు కాదు. మిషన్ బ్యారెల్‌లో (ప్లాస్టిక్‌ను కరిగించే గొట్టంలో) కరిగిన ప్లాస్టిక్ గట్టిపడటం మొదలవుతుంది, మళ్లీ వేడెక్కించాలి, పాడైన సరుకు బయటికి తోయాలి, మొదటి కొన్ని పీసులు తుక్కులోకి పోతాయి. అందుకే 'ఎన్ని యూనిట్ల కరెంటు ఇచ్చాం' అన్న లెక్క కంటే 'నెలలో ఎన్నిసార్లు పోయింది' అన్న లెక్క అడగండి. గుజరాత్ 2003లో మొదలుపెట్టిన జ్యోతిగ్రామ్ పథకంలో సాగు మోటార్ల ఫీడర్లను (కరెంటు లైన్లను) ఊళ్ల ఫీడర్ల నుంచి విడదీశారు. దాంతో పల్లెల్లో ఇళ్లకు, చిన్న యూనిట్లకు రోజంతా కరెంటు ఇవ్వగలిగారు.

రోడ్డు విషయంలో పెద్ద మార్పు 2017 జూలైలో జీఎస్టీతో వచ్చింది. రాష్ట్ర సరిహద్దుల్లో పన్ను చెక్‌పోస్టులు పోయాయి. లారీ తిరిగిన ప్రతి అదనపు గంటా అదే డ్రైవర్, అదే బండి ఇచ్చే అదనపు విలువ. ఇక కోర్టు సంగతి పైన మిల్లుల దగ్గర చూశాం. ఒప్పందం మీద నమ్మకం లేనిచోట ఎవరూ పెద్దగా పెరగరు.

9. మనుషులు: బడి, ఆడవాళ్ల ప్రయాణం

పల్లె పిల్లలకు చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో చూసే అసర్ సర్వేలో, 2024లో గ్రామీణ ప్రాంతాల్లో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగింది 48.8 శాతం. కోవిడ్ తర్వాత 2022లో 42.8కి పడి కొంత కోలుకుంది. చదవలేని పిల్లాడు పదేళ్ల తర్వాత మిషన్ మీది సూచన చదవలేని పనివాడవుతాడు. సిలబస్ పూర్తి చేయడం ఆపి, పిల్లల్ని తరగతిని బట్టి కాక వచ్చినదాన్ని బట్టి గుంపులు చేసి రోజూ కొంతసేపు చదివించే పద్ధతి చాలాచోట్ల ఫలితమిచ్చిందని పరీక్షించి చూసినదే. ఐదేళ్లలోపు పిల్లల్లో 35.5 శాతం వయసుకు తగ్గ ఎత్తు లేరని 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. దాని ప్రభావం పనిలోకి వచ్చేసరికి ఇరవై ఏళ్లు పడుతుంది కాబట్టి ఏ ఎన్నికకూ అది అంశం కాదు.

ఆడవాళ్ల పనికి అడ్డం నైపుణ్యం అని ట్రైనింగులు పెడుతుంటారు. చాలాసార్లు అసలు అడ్డం షిఫ్టు అయ్యాక ఇంటికెలా రావాలన్నది. తమిళనాడులో వల్లం వడగాల్ దగ్గర ఐఫోన్లు తయారుచేసే ఫాక్స్‌కాన్ ఉద్యోగినుల కోసం 18,720 పడకల హాస్టల్ కట్టారు, 2024 ఆగస్టులో తెరిచారు. అది సంక్షేమం ఖాతాలో రాయాల్సిన ఖర్చు కాదు, ఫ్యాక్టరీ గోడల్లాంటి పెట్టుబడి. శ్రీసిటీ అయినా, అచ్యుతాపురం అయినా, పరిశ్రమల పార్కు ప్లాన్ మీ ముందుకొస్తే రోడ్డు ఎంత వెడల్పో అడిగాక, రాత్రి పదింటికి బస్సుందా, దగ్గర్లో హాస్టల్ ఎక్కడ అని అడగండి.

10. లాభం ఎవరికి? లెక్క మళ్లీ ఎప్పుడు?

ఉత్పాదకత అనే మాట వినగానే కార్మికులు ఉద్యోగం పోతుందని టెన్షన్ పడతారు. ఆ భయం ఊరికే పుట్టలేదు. 1955లో జపాన్ ఉత్పాదకత కేంద్రం మొదలైనప్పుడు మూడు సూత్రాలు ముందే ఒప్పుకున్నారు: ఒకటి, మిగిలిపోయినవాళ్లను వేరే పనిలో పెట్టి ఉద్యోగాలను కాపాడాలి; రెండు, పద్ధతులు యాజమాన్యం, కార్మికులు కలిసి నిర్ణయించాలి; మూడు, వచ్చిన ఫలితాన్ని కంపెనీ, కార్మికులు, కొనేవాళ్లు ముగ్గురూ న్యాయంగా పంచుకోవాలి. మగ్గం ఎందుకు ఆగిందో నిజం చెప్పేది ఆ మగ్గం దగ్గర నిలబడినవాడే. చెబితే తన కూలికే ఎసరు వస్తుందనుకుంటే చెప్పడు.

కాబట్టి కొలిచేటప్పుడు రెండు వరుసలు పక్కపక్కన రాయండి. ఒకటి పనిగంటకు ఉత్పత్తి, రెండోది ధరల పెరుగుదల తీసేసిన కూలి. మొదటిది పెరిగి రెండోది కదలకపోతే లాభం ఎక్కడో ఆగిందని అర్థం. ఏ ఒక్క ఏడాదినీ నమ్మకండి. కరువు, లాక్‌డౌన్, మంచి వాన, ఏదైనా అంకెను ఆడిస్తుంది. ముఖ్యంగా 2020-21ని మొదటి ఏడాదిగా తీసుకున్న ఏ పోలికైనా పక్కన పెట్టండి, అక్కడినుంచి చూస్తే ఏదైనా పెరిగినట్టే కనిపిస్తుంది. ఐదేళ్ల సగటును అంతకుముందు ఐదేళ్ల సగటుతో పోల్చండి, అదీ రంగాలవారీగా. వ్యవసాయంలో మనుషుల వాటా ఎంత తగ్గింది, వందమంది దాటిన యూనిట్లలో ఉద్యోగాల వాటా ఎంత పెరిగింది, జీతం అందే పనిలో ఆడవాళ్లు ఎంతమంది, ఈ మూడూ కదలకుండా జీడీపీ ఒక్కటే పెరుగుతుంటే మళ్లీ మూడో మెట్టు దగ్గరికి వెళ్లి, ఆ పెరుగుదల ఏ రంగంలో, ఎంతమంది చేతుల్లో జరిగిందో విడదీసి చూడండి.